బల్ల పెరిగితే ముందు తల్లికి తెలియాలి



సికిల్ సెల్ పరీక్షల గురించి పత్రికల్లో వచ్చే వార్తలు వదలకుండా చదువుతున్నాను. 2023 జులైలో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక గిరిజన గూడేల్లో పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. సంతోషం. అయితే జబ్బు ఉందని తేలిన పసిబిడ్డ తల్లికి కార్డుతో పాటు, బిడ్డ కడుపు తడిమి ప్లీహం ఎంత ఉందో చూసుకోవడం కూడా నేర్పాలి.

మా ఏజెన్సీలో పిల్లాడి కడుపులో బల్ల (పెరిగిన ప్లీహం) తగిలితే ముందు మలేరియా అంటారు. చాలాసార్లు అదే నిజం. కానీ టైఫాయిడ్‌లోనూ, తలసేమియాలోనూ ప్లీహం పెరుగుతుంది. కాలేయానికి వెళ్లే రక్తనాళం మూసుకుపోయినా, అరుదుగా రక్త క్యాన్సర్ వచ్చినా పెరుగుతుంది. అందుకే పరీక్ష కిట్‌లో మలేరియా లేదని తేలితే సిరప్ ఇచ్చి పంపేయకూడదు. రక్తకణాల లెక్క, స్మియర్, హిమోగ్లోబిన్ రకం తేల్చే హెచ్‌పీఎల్‌సీ చేయించాలి. ఆ నమూనా రక్తం ఎక్కించకముందే తీయాలి. ఎక్కించాక తీస్తే దాత రక్తం కలిసిపోయి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. ఈ తొందరపాటు వల్ల జబ్బు పేరు తెలియకుండానే నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన పిల్లలను చూశాను.

సికిల్ సెల్ బిడ్డల్లో ముప్పు ఇంకా తీవ్రం. వంకర తిరిగిన ఎర్రకణాలు ప్లీహంలో ఇరుక్కుంటే ఒంట్లో తిరగాల్సిన రక్తం అక్కడే నిలిచిపోతుంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి పాలిపోయి సోలిపోతాడు. గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ వేళకు గూడెంలో డాక్టరు ఉండడు, తల్లే ఉంటుంది.

నేర్పడం కష్టమేమీ కాదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిచి, బొడ్డు కింది నుంచి ఎడమ పక్కటెముకల వైపు వేళ్లు మెల్లగా జరపాలి. ఊపిరి పీల్చినప్పుడు ప్లీహం అంచు వేలికొసకు తగులుతుంది. గట్టిగా నొక్కకూడదు. పక్కటెముక కింద ఎన్ని వేళ్ల మేర ఉందో గుర్తుంచుకోవాలి. మన దేశంలో చాలామంది సికిల్ పిల్లలకు ప్లీహం ఏళ్ల తరబడి పెద్దదిగానే ఉంటుంది కాబట్టి రోజూ పోల్చి చూడాలి. నిన్న రెండు వేళ్లు ఉన్నది ఇవాళ నాలుగైతే, జ్వరం లేకపోయినా ఆసుపత్రికి బయల్దేరాలి.

జమైకాలో తల్లిదండ్రులకు ఇదే నేర్పితే, ఈ ముప్పు వచ్చినప్పుడు పిల్లలు చనిపోయే రేటు దాదాపు పదో వంతుకు తగ్గిందని 1985లో అక్కడి వైద్యులు ప్రకటించారు. అక్కడి తల్లులు చేయగలిగింది మన తల్లులు చేయలేరా? బల్ల కరగాలని పొట్ట మీద వాతలు పెట్టించే అలవాటు ఇంకా పూర్తిగా పోని ఊళ్లలో ఈ శిక్షణ మరీ అవసరం.

ఆశా కార్యకర్తల శిక్షణలో దీన్ని చేర్చాలి. కార్డు మీద ప్లీహం కొలత రాసే గడి పెట్టాలి. "బల్ల పెరిగిందమ్మా" అని తల్లి పీహెచ్‌సీకి వస్తే ఓపీ వరుసలో నిలబెట్టకుండా, వెంటనే హిమోగ్లోబిన్ చూసి, రక్తం ఎక్కించే వీలున్న ఆసుపత్రికి 108లో పంపాలి.

– ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
అల్లూరి సీతారామరాజు జిల్లా