ఇయర్‌ఫోన్లు కొనేముందు మీ చెవినీ అడగండి

"డాక్టరు గారూ, ఏ ఇయర్‌ఫోన్లు మంచివి?" అని నన్ను అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వారిలో విద్యార్థులున్నారు, రోజంతా ఫోను మాటలతోనే ఉద్యోగం చేసేవారున్నారు, పిల్లలు కొనిచ్చిన పరికరంలో పాట రుచించడం లేదని వాపోయే పెద్దలూ ఉన్నారు. వీరెవరికీ నేను కంపెనీ పేరు చెప్పను. ఒక్క కొలమానం మాత్రం చెబుతాను. తక్కువ శబ్దంలోనే మీకు తృప్తినిచ్చే ఇయర్‌ఫోనే మీకు తగినది. శబ్దం పెంచితే తప్ప రుచించనిది ఎంత ఖరీదైనదైనా మీకు తగినది కాదు.

అభిరుచిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒకరికి మృదంగం ఎడమవైపు పలికే గంభీరనాదం ఇష్టం, మరొకరికి గాయని కంఠంలోని స్పష్టత ఇష్టం. "బాస్ వింటే చెవులు పాడవుతాయి" అని పిల్లలను మందలించే పెద్దలు ఒక విషయం గ్రహించాలి. చెవిని దెబ్బతీసేది ప్రధానంగా శబ్ద తీవ్రత, అది చెవిని తాకే కాలం. అయితే మన చెవికి ఒక స్వభావం ఉంది. శబ్దం తగ్గే కొద్దీ మంద్రధ్వనులు మిగిలిన వాటికంటే త్వరగా మరుగున పడిపోతాయి. బెల్ పరిశోధనశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే ఈ సంగతిని కొలిచి చూపారు. కనుక బాస్ ప్రియులు తమకు తెలియకుండానే శబ్దం పెంచుతారు. అటువంటివారు మంద్రధ్వనిని సహజంగానే కొంత ఎక్కువగా పలికించే పరికరాన్ని ఎంచుకుని, శబ్దం తగ్గించి వినడం మేలు.

కొనుగోలుదారులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది చెవిలోపల అమరే మెత్తని సిలికాన్ తొడుగును. అది శ్రవణనాళాన్ని చక్కగా మూయకపోతే బాస్ బయటికి జారిపోతుంది, బయటి రొద లోపలికి వస్తుంది. అప్పుడు మనం పరికరాన్ని నిందించి శబ్దం పెంచుతాం. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. బాగా తెలిసిన పాటను తక్కువ శబ్దంలో పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో సున్నితంగా లోపలికి అదమండి. బాస్ ఒక్కసారిగా పెరిగితే తొడుగు సరిగా అమరలేదని అర్థం. పెట్టెలో వచ్చే మిగిలిన పరిమాణాలను ప్రయత్నించండి. కుడి, ఎడమ చెవులకు వేర్వేరు పరిమాణాలు అవసరం కావడం వింతేమీ కాదు. నొప్పి కలిగేంత బిగుతు మాత్రం వద్దు. సిలికాన్ సరిపడనివారికి ఫోమ్ తొడుగులు దొరుకుతాయి.

ఈ అమరిక ఎందుకంత ముఖ్యమో లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, సగటున 80 డెసిబెల్స్. పిల్లలకు అది 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ సురక్షితంగా వినగల కాలం సగమవుతుంది. 80 వద్ద 40 గంటలుంటే 83 వద్ద 20 గంటలే, 90కి చేరితే సుమారు 4 గంటలే. బస్సు రొదను మించి పాట వినాలని ఫోనులో రెండు మూడు మెట్లు పెంచేవారు వారం మొత్తానికి సరిపడే మోతాదును రెండు మూడు రోజుల ప్రయాణంలోనే ముగించవచ్చు. చక్కగా అమరిన తొడుగు, లేదా బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ సదుపాయం, ఆ అవసరాన్నే తప్పిస్తుంది. అందువల్ల ప్రయాణాల్లో వినేవారికి ఈ సదుపాయం విలాసం కాదని నా అభిప్రాయం. కానీ రోడ్డు దాటేటప్పుడు, వాహనం నడిపేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసివేయవలసిందే.

దుకాణంలో రెండు రకాలను పోల్చేటప్పుడు ఒక మోసానికి లోను కాకండి. కాస్త బిగ్గరగా పలికేది మంచిదని మనసు భ్రమిస్తుంది. రెండింటినీ సమానమైన శబ్దానికి తెచ్చి, ఒకే పాటను వినండి. అరగంట విన్న తరువాత కూడా హాయిగా ఉందా అన్నదే అసలు పరీక్ష. తొలి నిమిషంలో మెరుపులా తోచిన తీక్షణత కొంతసేపటికి విసుగు పుట్టించవచ్చు.

పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. ఒకప్పుడు నచ్చిన పాట ఇప్పుడు మసకగా వినిపిస్తోందా? సంభాషణలో స, శ, ఫ వంటి అక్షరాలు జారిపోతున్నాయా? అయితే మారినది మీ అభిరుచి కాకపోవచ్చు, మీ వినికిడే కావచ్చు. వయసుతో ముందుగా తగ్గేది హెచ్చు స్థాయి ధ్వనులను వినే శక్తి. ఇయర్‌ఫోన్లు మార్చుకుంటూ పోయేముందు ఒకసారి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. కొన్నిసార్లు కారణం పేరుకుపోయిన గులిమి మాత్రమే కావచ్చు. చెవినుండి చీము కారుతున్నప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి, మీవి ఇతరులకు ఇవ్వకండి, తొడుగులను తరచూ శుభ్రం చేయండి.

పాట ఆగిన తరువాత చెవిలో గుయ్‌మని మోత వినిపించినా, మాటలు దూరంనుండి వస్తున్నట్లు తోచినా అది హెచ్చరిక. ఉదయానికి తగ్గిపోయిందని తేలికగా తీసుకోవద్దు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు మనిషికి పుట్టుకతో వచ్చినవే, నశిస్తే తిరిగి మొలవవు. ఈ రాత్రి మీకు ఇష్టమైన పాటను రోజూ వినేదానికంటే రెండు మెట్లు తగ్గించి వినండి. అప్పటికీ ఆనందం కలిగితే మీ ఇయర్‌ఫోన్ మీకు తగినదే, కొత్తది కొననవసరం లేదు. లేకపోతే ముందు తొడుగు మార్చి చూడండి, ఆ తరువాతే దుకాణానికి వెళ్లండి.