అపజయం ఎప్పుడు మెట్టవుతుంది?

అపజయం విజయానికి తొలిమెట్టు అనే మాట తరచుగా వినబడుతుంది. ఆ మాట సగమే నిజం. అపజయాన్ని అపజయమని ఒప్పుకొని, దాని కారణాన్ని కనుగొన్నప్పుడే అది మెట్టవుతుంది. శుక్రగ్రహంపై దిగడానికి సోవియట్ యూనియన్ చేసిన తొలి ప్రయత్నాలు ఇందుకు చక్కని నిదర్శనం.

దట్టమైన మేఘాలు కప్పిన శుక్రునిపై సముద్రాలుండవచ్చునని ఒకప్పుడు కొందరు ఊహించారు. 1961లో బయలుదేరిన వెనెరా-1తో మార్గమధ్యంలోనే సంబంధాలు తెగిపోయాయి. 1966 మార్చి 1న వెనెరా-3 శుక్రుణ్ణి తాకింది. మానవనిర్మితమైన వస్తువు మరొక గ్రహాన్ని చేరడం అదే ప్రథమం. కాని అప్పటికే దాని రేడియో మూగవోయింది. గ్రహాన్ని చేరినా, దానిని గురించి తెలిసింది శూన్యం.

1967 అక్టోబరు 18న వెనెరా-4 శుక్రుని వాతావరణంలోకి దిగుతూ కొలతలు పంపింది. నీటిలో పడితే కరిగి విడిపోయే పంచదార తాళాన్ని సైతం అందులో అమర్చారు. నీటి మాట అటుంచి, అక్కడి వాతావరణంలో అత్యధిక భాగం కార్బన్ డయాక్సైడ్ అని తేలింది. సంకేతాలు ఆగిపోగానే, నౌక నేలను చేరిందని సోవియట్ యూనియన్ ప్రకటించింది. ఆ మరునాడే శుక్రుని సమీపం నుండి సాగిపోయిన అమెరికా నౌక మారినర్-5 కొలతలతో పోల్చి చూడగా, వెనెరా-4 నేలకు సుమారు 25 కిలోమీటర్ల ఎత్తులోనే మూగవోయిందని స్పష్టమైంది. ఆ తొలి ప్రకటననే పట్టుకొని వేలాడి ఉంటే, తరువాతి నౌకలన్నీ తప్పుడు లెక్కలతోనే తయారయ్యేవి.

1969లో వెళ్లిన వెనెరా-5, వెనెరా-6 నౌకలను భూమిపై ఉండే గాలి పీడనానికి 25 రెట్లు తట్టుకొనేలా బలపరిచారు. అదీ చాలలేదు. అవి కూడా నేలను చేరకముందే మూగవోయాయి. అప్పుడు వెనెరా-7ను 180 రెట్ల పీడనానికి తట్టుకొనేలా నిర్మించారు. 1970 డిసెంబరు 15న దిగుతుండగా పారాచూట్ విఫలమై, ఆ నౌక వేగంగా నేలను ఢీకొంది. అంతా ముగిసిందనే భావించారు. అయినా నమోదైన సంకేతాలను శ్రద్ధగా పరిశీలించగా, నేలపై నుండి 23 నిమిషాల పాటు అతి బలహీనమైన సంకేతాలు వచ్చినట్లు బయటపడింది. అక్కడి ఉష్ణోగ్రత సుమారు 475 డిగ్రీల సెల్సియస్. మరొక గ్రహం నేలపై నుండి భూమికి అందిన తొలి వార్త అదే.

ఇన్ని నౌకలను పోగొట్టుకోవడం వృథా వ్యయం కాదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. వెనెరా-4 కొలతలు లేనిదే వెనెరా-7 లేదు. భూకక్ష్యను దాటలేకపోయిన నౌకలకు కాస్మోస్ అని పేరుపెట్టి, వాటి అసలు లక్ష్యాన్ని సోవియట్ ప్రభుత్వం ప్రజలకు తెలియనివ్వలేదు. ఆ గోప్యత సమర్థనీయం కాదు. అయితే నౌకలను నిర్మించినవారు తమ లోపాలను తమ నుండి తాము దాచుకోలేదు. 1975లో వెనెరా-9 శుక్రుని నేల చిత్రాన్ని పంపగలిగిందంటే, కారణం వారు ఎన్నిసార్లు ఓడిపోయారన్నది కాదు. ఓడిన ప్రతిసారీ ఏమి సరిదిద్దుకున్నారన్నదే.