నవ్వు దాచుకోకండి, ఎక్స్‌రే తీయించుకోండి

ఇంటర్వ్యూలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారా? నేనూ అంతే. పై ముందుపళ్ల మధ్య అదనపు పన్ను. దాన్ని మీసియోడెన్స్ అంటారని బీటెక్ అయ్యాకే తెలిసింది.

అందరికీ లెక్కగా 32 పళ్లు రావు. కొందరికి జ్ఞానదంతాలు అసలే ఏర్పడవు. కొందరికి 17–25 ఏళ్ల మధ్య, సరిగ్గా ఉద్యోగ వేటలో, అడ్డంగా పెరిగి నొప్పి పెడతాయి. ఫ్లోరైడ్ మచ్చలు పళ్లు తోమక వచ్చినవి కావు, చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్ల వచ్చినవి.

ఇవేవీ మీ తప్పు కాదు. అన్నిటికీ వైద్యం అక్కర్లేదు కూడా. ఏది వదిలేయాలో, ఏది తీయించాలో ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పాలి. చర్ల, దుమ్ముగూడెం వాళ్లకు ఖమ్మం డెంటల్ కాలేజీ దూరమే. అయినా రెజ్యూమెకి వారం పెట్టే మీరు పంటికి ఒక్కరోజు పెట్టలేరా?