గవర్నరు రాసే లేఖకు బలమెంత?

గుణదల: గవర్నరు గారు రాష్ట్రపతికి ఒక ఉత్తరం రాస్తే చాలు, ఓట్లేసి గెలిపించుకున్న ప్రభుత్వం పడిపోతుందా? పంచాయతీ అరుగుల మీద అప్పుడప్పుడు వినిపించే ప్రశ్న ఇది. ఆ ఉత్తరం ఒకప్పుడు హైదరాబాదు నుంచి వెళ్లేది. 2019 నుంచి గవర్నరు నివాసం మన విజయవాడలోనే, ఒకనాటి నీటిపారుదల శాఖ కార్యాలయ భవనంలో ఉన్నది. డెల్టా రైతుకు ఆ ఆవరణ కొత్త కాదు.

రాష్ట్ర పరిస్థితులపై గవర్నరు రాష్ట్రపతికి క్రమం తప్పక నివేదికలు పంపడం ఆనవాయితీ. వాటితో పేచీ లేదు. పేచీ అంతా 356వ అధికరణం కింద పంపే నివేదికతోనే. రాజ్యాంగం ప్రకారం పాలన సాగడం లేదని గవర్నరు రాస్తే, కేంద్ర మంత్రివర్గం సలహాపై రాష్ట్రపతి సంతకం చేస్తారు. తర్వాత రెండు నెలల్లో పార్లమెంటు ఒప్పుకోవాలి.

తెలుగు నేల మీద ఇది మూడుసార్లు జరిగింది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడింది. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం నడుమ శ్రీ పి.వి.నరసింహారావు రాజీనామా చేశారు. 2014లో రాష్ట్ర విభజన వేళ శ్రీ కిరణ్‌కుమార్ రెడ్డి తప్పుకున్నారు. మూడుసార్లూ ముఖ్యమంత్రి ముందు ఓడిపోయో, రాజీనామా ఇచ్చో ఉన్నారు. ఉత్తరం తర్వాత వెళ్లింది.

1984లో జరిగింది వేరు. అప్పుడు అసలు ఆ ఉత్తరంతో పనే లేకపోయింది. నిమ్మకూరు బిడ్డ, గుడివాడ శాసనసభ్యుడు శ్రీ ఎన్.టి.రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగివచ్చిన రెండు రోజులకే, ఆగస్టు 16న, గవర్నరు శ్రీ రాంలాల్ ఆయనను బర్తరఫ్ చేశారు. శ్రీ నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. సభను పిలిస్తే బలం చూపిస్తానని రామారావు గారు మొత్తుకున్నా వినలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం నెల రోజుల గడువిచ్చారు! ముఖ్యమంత్రి గవర్నరు ఇష్టమున్నంత కాలమే పదవిలో ఉంటారన్న 164వ అధికరణాన్ని పట్టుకుని చేసిన పని అది. దానికి రాష్ట్రపతి సంతకం అక్కరలేదు.

అయినా రామారావు గారు చక్రాల కుర్చీలో కూర్చుని, 160 మందికి పైగా శాసనసభ్యులను వెంటబెట్టుకుని, ఆగస్టు 21న ఢిల్లీలో రాష్ట్రపతి శ్రీ జైల్‌సింగ్ ముందు నిలబడ్డారు. 294 మంది సభలో 148 మంది చాలు. ముఖ్యమంత్రిని తిరిగి కూర్చోబెట్టే అధికారం రాష్ట్రపతికి లేదు. కాని గవర్నరు పదవి రాష్ట్రపతి ఇష్టంపై ఆధారపడినది. తలలు లెక్కపెట్టి చూపాక గవర్నరు లెక్క నిలవలేదు. ఆగస్టు 24న రాంలాల్ రాజీనామా చేశారు. శ్రీ శంకర్‌దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చాక, సెప్టెంబరు 16న రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఊళ్లలో జనం రోడ్డెక్కకపోతే ఇంత త్వరగా తేలేదా అన్నది అనుమానమే.

ఆ రోజుల్లో మన శాసనసభ్యులకు ఆశ్రయమిచ్చింది కర్ణాటకలోని శ్రీ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం. అయిదేళ్లు తిరగకముందే ఆ ముప్పు ఆ పార్టీ ప్రభుత్వానికే వచ్చింది. ఈసారి ఉత్తరం రాసినది తెలుగువాడే, నంద్యాల నుంచి లోక్‌సభకు వెళ్లిన శ్రీ పెండేకంటి వెంకటసుబ్బయ్య. హెగ్డే తర్వాత వచ్చిన శ్రీ ఎస్.ఆర్.బొమ్మైకి 19 మంది మద్దతు ఉపసంహరించారని 1989 ఏప్రిల్ 19న ఆయన రాష్ట్రపతికి రాశారు. మర్నాడే వారిలో ఏడుగురు వెనక్కి తగ్గారు. సభలో తేల్చుకుంటానని బొమ్మై అడిగారు. గవర్నరు మరో ఉత్తరం రాశారు. 21న రాష్ట్రపతి పాలన వచ్చేసింది.

ఆ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1994 మార్చి 11న తీర్పు చెప్పింది. బలం ఉన్నదీ లేనిదీ తేలవలసింది సభలోనే గాని గవర్నరు గదిలో కాదన్నది. రాష్ట్రపతి ప్రకటననూ, దాని వెనుక ఉన్న ఆధారాలనూ కోర్టు పరిశీలించవచ్చునన్నది. పార్లమెంటు ఒప్పుకోకముందే సభను రద్దు చేయరాదన్నది. బొమ్మైకి మాత్రం ఒరిగిందేమీ లేదు. కర్ణాటకలో 1989లోనే ఎన్నికలు జరిగిపోయాయి.

ఇక మిగిలింది గడువు సంగతి. 2018 మేలో అదే కర్ణాటకలో గవర్నరు శ్రీ యడ్యూరప్పకు బలం చూపేందుకు 15 రోజులిచ్చారు. సుప్రీంకోర్టు దానిని ఒక్క రోజుకు కుదించింది. ఓటింగు జరగకముందే ఆయన రాజీనామా చేశారు. కోర్టు గుమ్మం తొక్కనిదే ఈ గడువు తగ్గలేదు. బలం నిరూపించుకోవడానికి ఎన్ని రోజులివ్వాలో రాజ్యాంగంలో రాసి లేదు.