లారీ డ్రైవరుకు పాట విలాసమా?

రైలు పట్టా లేని మరైగూడ వంటి బస్తరు గ్రామాలకు సరకైనా, పార్శిలైనా చేరవలసింది రోడ్డు మీదుగానే. ఆ రోడ్డున లారీ నడిపే శ్రామికుడు కేబినులో పాట వినగోరితే ‘విలాసం’ అని ఈసడించే యాజమాన్యాలున్నవి. ఈ వాదాన్ని మేము తిరస్కరిస్తున్నాము. కేబిను అతని పనిస్థలం.

ఇంతకూ ఖర్చెంత? కంపెనీ బిగించిన సెట్టును పారవేయనక్కరలేదు. మొదట నాసి స్పీకర్లను మార్చి, తలుపు రేకు లోపల అదురు ఆపే పట్టీ అంటిస్తే చాలు, శబ్దం తేటపడుతుంది. ఆంప్లిఫయరు తరువాతి మాట. అయితే భారీ లారీలలో విద్యుత్తు 24 వోల్టులు. కారు సెట్టుకు కావలసినది 12. రెండు బ్యాటరీలలో ఒకదానినుండే తీగ లాగితే ఒకటి తరిగి, రెండవది మితిమీరి చార్జయి, రెండూ చెడుతవి. కన్వర్టరు, ఫ్యూజు తప్పనిసరి. ఇదంతా డ్రైవరు తన బత్తానుండి ఎందుకు భరించాలి? బండి యజమానిది, ఖర్చూ యజమానిదే.

కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ కేబినును ప్రభుత్వం తప్పనిసరి చేసింది. చల్లదనం అవసరమైనప్పుడు పాట విలాసమెట్లవుతుంది?

మరొక వంచననూ ఖండిస్తున్నాము. పాట పెట్టి రాత్రంతా నడపమనడం దుర్మార్గం. నిద్రకు మందు విశ్రాంతియే. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు సాధారణంగా 8 గంటల పనిని, 5 గంటల తరువాత అరగంట విరామాన్ని నిర్దేశించింది. రాత్రి డ్యూటీ ఎరిగిన రైల్వే, తపాలా సోదరులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పాటను విరామానికి బదులుగా చూపే యాజమాన్యాన్ని లారీ శ్రామికులతో కలిసి నిలదీయవలసిందిగా కోరుతున్నాము.