మేష్టారి కబుర్లు: సిపాయికి తోడు కుక్క

పిల్లలూ!

పోయిన నెల ఒక కుర్రవాడు నాకు ఉత్తరం రాశాడు. "మేష్టారూ, కుక్క ఇల్లు కాస్తుంది, దొంగను పడుతుంది. అంతకు మించి అది మనిషికి చేసే మేలు ఏమైనా ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నది నాయనా! కుక్క ఇంటినే కాదు, మనిషి మనస్సును కూడా కాపలా కాయగలదు. అది ఎల్లాగో ఈ నెల చెప్పుకుందాం.

ముందు ఒక పాత సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం జరిగే రోజులలో జర్మనీలో గెర్హార్డ్ ష్టాలింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆ యుద్ధంలో విషవాయువులు సోకి, గుండ్లు పేలి ఎందరో సిపాయిలకు చూపు పోయింది. ఒకనాడు ఆయన చూపులేని సిపాయిని వెంటబెట్టుకుని నడుస్తూ ఉండగా ఎవరో పిలిచారు. తన కుక్కను సిపాయి దగ్గర వదిలి ఆయన వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే ఆ కుక్క సిపాయిని కనిపెట్టుకుని ఉన్నదట! దానితో ఆయనకు ఒక ఆలోచన తట్టింది. 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో, చూపులేని సిపాయిలకు దారి చూపే కుక్కలకోసం ఒక బడి పెట్టాడు.

అలా కుక్క సిపాయికి కళ్లయింది. కాని యుద్ధం చేసే గాయాలన్నీ కంటికి కనిపించవు.

యుద్ధభూమిలో సిపాయి ఎప్పుడూ చెవులు రిక్కించుకుని ఉండాలి. చప్పుడు వినిపిస్తే చాలు, గుండె దడదడ కొట్టుకుంటుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. ప్రాణం దక్కాలంటే అక్కడ అదే మంచిది. కాని కొందరు ఇంటికి వచ్చాక కూడా ఒంటికి ఆ అలవాటు పోదు. పాము కరిచినవాడు తాడును చూసి బెదిరినట్లు, తలుపు ధడాలున పడినా వారు ఉలిక్కిపడతారు. రాత్రి పీడకలలు వస్తాయి. సంతకు, సినిమాకు వెళ్లలేరు. కన్నబిడ్డలతో కూడా నవ్వి మాట్లాడలేరు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో దీనిని 'షెల్ షాక్' అన్నారు. పిరికితనమని నిందించినవారూ లేకపోలేదు. 1980లో అమెరికా మనోవైద్యులు దీనికి 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరు పెట్టి, జబ్బుల జాబితాలో చేర్చారు. ఘోరమైన ప్రమాదం తప్పించుకున్న మామూలు మనుషులకు కూడా ఇది రావచ్చు. మలేరియా జ్వరం ఎల్లా పిరికితనం కాదో, ఇదీ అంతే.

ఇరాక్, అఫ్‌గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన అమెరికా సిపాయిలలో చాలామందికి ఈ బాధ కలిగింది. వారికి తోడుగా ఉండేటందుకు కుక్కలను తయారు చేశారు. వాటిని 'సర్వీస్ డాగ్స్' అంటారు. మనం తోడు కుక్కలు అనుకుందాం.

తోడు కుక్క ఏం చేస్తుంది? యజమాని నిద్రలో పీడకల వచ్చి కొట్టుకుంటూ ఉంటే, ముట్టెతో పొడిచి, ముఖం నాకి లేపుతుంది. దీపం మీట నొక్కడం కూడా కొన్ని కుక్కలు నేర్చుకుంటాయి. దుకాణంలో వరసలో నిలబడినప్పుడు వెనక్కు తిరిగి కూచుని, 'వెనక సంగతి నేను చూసుకుంటానులే' అన్నట్లు కాపలా కాస్తుంది. యజమానికి ఆందోళన కలిగి కాలు ఆడించడం మొదలు పెట్టాడా, వెంటనే వచ్చి ఒళ్లో తల పెడుతుంది. ఆ బరువుకూ వెచ్చదనానికీ మనస్సు కుదుటపడుతుంది.

'ఆందోళన సంగతి కుక్కకు ఎల్లా తెలుస్తుంది?' అంటారేమో. కొంత కళ్లతో చూసి, కొంత వాసన పట్టి! బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక తమాషా పరీక్ష చేసి 2022లో ప్రకటించారు. 36 మందికి కష్టమైన నోటిలెక్కలు ఇచ్చి, వేగంగా చెప్పమన్నారు. లెక్కలకు ముందూ తరవాతా వారి చెమటా ఊపిరీ గుడ్డముక్కలకు పట్టించి దాచారు. కంగారుపడినప్పటి గుడ్డ ఏదో నాలుగు కుక్కలు వాసన చూసి, నూటికి సుమారు 94 సార్లు సరిగా చెప్పాయి. నా తరగతిలో నోటిలెక్కలు అడిగినప్పుడు అలాటి కుక్క ఒకటి ఉంటే, ఎవరి గుట్టూ దాగేది కాదు!

ఈ కుక్కలను పెంచేవారి కథ కూడా వినదగ్గదే. ఫ్లారిడాలో షారీ డువాల్ అనే తల్లి ఉండేది. ఇరాక్ నుంచి వచ్చిన కొడుకు బాధ చూసి, కుక్క తోడుతో అతను తేరుకోవడం గమనించి, 2011లో 'కె-నైన్స్ ఫర్ వారియర్స్' అనే సంస్థ పెట్టింది. ఆ సంస్థ చాలా కుక్కలను దిక్కులేని కుక్కల శాలల నుంచే తెచ్చింది. న్యూయార్క్‌లో 1997లో మొదలైన మరొక సంస్థ కుక్కపిల్లలను జైళ్లకు పంపింది. ఖైదీలే వాటిని పెంచి, శిక్షణ ఇచ్చారు. చూశారా! ఎవరికీ అక్కరలేదనుకున్న కుక్క, తప్పు చేసి జైలుకు వెళ్లిన మనిషి, యుద్ధంలో నలిగిన సిపాయి, వీరు ఒకరికొకరు ఆసరా అయ్యారు.

మరి దీనివల్ల నిజంగా గుణం కనిపించిందా? 2024లో 156 మందిని పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. అందులో 81 మందికి తోడు కుక్కలు ఇచ్చారు. 75 మంది ఇంకా తమ వంతుకోసం ఎదురుచూస్తున్నవారు. మూడు నెలల తరవాత చూస్తే, కుక్క ఉన్నవారికి జబ్బు లక్షణాలూ దిగులూ తక్కువగా ఉన్నాయి. అయితే కుక్క వైద్యుడికి బదులు కాదు. మందూ వైద్యమూ ఉండవలసిందే. కుక్క వాటికి తోడు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. 1972 దీపావళినాటికి నేను ఆరవ తరగతి. వెనకటి సంవత్సరం యుద్ధానికి వెళ్లి వచ్చిన సిపాయి ఒకాయన మా వీధిలో ఉండేవాడు. టపాకాయ పేలితే ఆయన చటుక్కున నేలమీద బోర్లా పడుకునేవాడు. అది మాకు నవ్వులాట. ఒకసారి నేనే ఆయన వెనక టపాకాయ వెలిగించాను. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, నన్ను పల్లెత్తు మాట అనకుండా లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ రాత్రి వీధి వీధంతా దీపాలు పెట్టారు. ఆయన గుమ్మంలో మటుకు దీపం లేదు. ఆయనది జబ్బని నాకు తెలిసేనాటికి ఆయన లేరు. క్షమించమని అడగడానికి నాకు వీలు లేకపోయింది. అందుకే మీకు చెబుతున్నాను.

కనక రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. పనిలో ఉన్న తోడు కుక్క ఎక్కడైనా కనిపిస్తే, యజమానిని అడగకుండా తాకకండి, పిలవకండి. దాని ధ్యాస మళ్లితే యజమానికి ఇబ్బంది. రెండవది, చప్పుడుకు బెదిరేవారిని చూసి నవ్వకండి. దగ్గరకు వెళ్లి, మెల్లగా పలకరించండి.

వచ్చే నెలకు ఒక ప్రశ్న: కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. మరి ఎండాకాలం అది ఒంటి వేడిని ఎల్లా తగ్గించుకుంటుంది? మీ వీధి కుక్కను జాగ్రత్తగా గమనించి, జవాబు రాయండి.

మీ మేష్టారు