అటక మీది భారతం

పెళ్ళి పందిట్లోనైనా సరే, రైలు పెట్టెలోనైనా సరే, నేను తెలుగు లెక్చరర్నని తెలియడమే తడవు, పెద్దవారొకరు తప్పకుండా ఈ ప్రశ్న వేస్తారు. "ఏమండీ మాస్టారూ, ఈ కాలం పిల్లలు భారతమూ, మనుచరిత్రా చదువుతారంటారా?" వారి గొంతు వింటే అది ప్రశ్నలా ఉండదు, పరామర్శలా ఉంటుంది. అప్పుడు నేను మెల్లిగా, "తమరు ఈమధ్య ఏ పర్వం చదివారండీ?" అని అడుగుతూ ఉంటాను. సంభాషణ వెంటనే పెళ్ళి వంటల మీదికో, రైలు ఆలస్యం మీదికో మళ్ళిపోతుంది.

నవ్వుకోడానికి చెప్పానుగాని, వారిని తప్పు పట్టడానికి కాదు. అసలు చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పూర్వం అందరూ చదివేవారనీ, ఇప్పుడే మానేశారనీ మనం అనుకుంటున్నాం. తాళపత్రాల కాలంలో ఊరికి ఒక్క భారతం ప్రతి ఉంటే గొప్ప. అది చదవగలిగినవారు ఏ నలుగురో. కాని రాత్రి భోజనాలయ్యాక ఒకరు పద్యం చదివి, మరొకరు అర్థం చెబుతుంటే అరుగు నిండా జనం కూర్చుని వినేవారు. ఆ అరుగు దగ్గరికి రానివ్వనివారూ ఉండేవారు, ఆ మాట దాచనక్కరలేదు. వారికి ఆ కథలే తోలుబొమ్మలవారూ, వీధి భాగవతులూ అందించారు. అక్షరం రానివారికి సైతం కీచకుడు ఎలా చచ్చాడో తెలుసు. మన కావ్యాలకు చదువరులు ఎప్పుడూ కొద్దిమందే, శ్రోతలే వేలమంది. ఇప్పుడు కరువైంది వినేవారని నేననుకోను. చదివి వినిపించేవారు కరువయ్యారు.

కావ్యాల ఆయుర్దాయం మనిషి ఆయుర్దాయంతో కొలిచేది కాదు. నన్నయగారు 11వ శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగిపోయారు. 13వ శతాబ్దంలో తిక్కనగారు విరాటపర్వం నుంచి అందుకున్నారు. మధ్య మిగిలిన అరణ్యపర్వ శేషం 14వ శతాబ్దంలో ఎర్రనగారు పూరించారు. ఒక పుస్తకం పూర్తి కావడానికే సుమారు 300 ఏండ్లు పట్టిందన్నమాట! ఆ మధ్యకాలంలో "ఇక భారతం పని అయిపోయింది" అని ఎందరు నిట్టూర్చారో ఎవరికెరుక?

అలాగని చేతులు ముడుచుకుని కూర్చుంటే కావ్యాలు వాటంతట అవే బతుకుతాయని కూడా కాదు. ప్రతిసారీ ఎవరో ఒకరు పూనుకున్నారు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సంగతి తీసుకోండి. వేమన పద్యాలు జనం నాలుకల మీద ఉన్నాయిగాని, పండితులకు వాటి మీద లక్ష్యం లేదు. ఆయన వ్రాతప్రతులు పోగుచేసి, సరిచూసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చువేయించాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని కావ్యాలెన్నో పరిష్కరింపజేశాడు. పరాయిదేశపు ఉద్యోగి ఒకడు, వాడితోబాటు పేరు కూడా సరిగా మిగలని కొందరు పండితులు, ఇంతే బలగం.

అన్నమయ్య కథ ఇంతకన్న చిత్రం. 1503లో ఆయన పోయారు. ఆయన సంకీర్తనలు రాగిరేకులకెక్కి, తిరుమల ఆలయంలోని ఒక అరలో కొన్ని శతాబ్దాలపాటు చీకట్లో పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటిని చదివి, పరిష్కరించి అచ్చువేయించారు. రాళ్ళపల్లివారు కొన్నింటికి స్వరాలు కట్టారు. సుబ్బులక్ష్మిగారి గొంతు మీదుగా అవి ఇళ్ళలోకి వచ్చాయి. 1997లో వచ్చిన సినిమాతో వీధి వీధికీ పాకాయి. ఇవాళ అయిదేళ్ళ పిల్ల కూడా ఒక అన్నమయ్య పాట పాడుతుంది. ఆ పిల్లచేత ఎవరూ "మన సంస్కృతి, మన వారసత్వం" అని ఉపన్యాసమిచ్చి పాడించలేదు. చెవిన పడింది, పాడింది.

మరి కళాశాలలో మేమేం చేస్తున్నాం? సంధులు విడగొట్టని పద్యం, కింద పాతిక కఠిన పదాలకు అర్థాలు, చివర సందర్భ సహిత వ్యాఖ్య. కుర్రవాడికి అది తాళం వేసిన పెట్టెలా కనిపిస్తుంది. ఇంటర్మీడియట్‌లో మార్కులు సులువుగా వస్తాయని ఎంతోమంది తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటున్నారు. సంస్కృతం మీద మక్కువతో తీసుకుంటే నాకంటే సంతోషించేవాడుండడు. ఆ మక్కువ ఏపాటిదో, పరీక్ష రాసిన మర్నాడు తెలిసిపోతుంది.

నేను కొన్నేళ్ళుగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. విరాటపర్వంలో ద్రౌపది రాత్రివేళ వంటశాలకు వెళ్ళి భీముణ్ణి లేపే ఘట్టం తీసుకుంటాను. పద్యాన్ని మాటలు విడదీసి బల్ల మీద రాస్తాను. అర్థం చెప్పకుండా రెండుసార్లు చదివి, "ఈవిడకు ఎవరి మీద ఎక్కువ కోపంగా ఉంది?" అని అడుగుతాను. గది సద్దుమణుగుతుంది. ఒకడు కీచకుడి మీద అంటాడు. ఇంకొకడు ధర్మరాజు మీద అంటాడు. ఒకసారి బి.కాం. చదివే అమ్మాయి లేచి, "సార్, ఆవిడ అక్కడ పనిచేసుకునే మనిషి. వాడు రాణిగారి తోబుట్టువు. ఫిర్యాదు చేస్తే వినేవాడెవడు?" అంది. ఆ ఘట్టానికి నేను చదివిన వ్యాఖ్యానాలన్నీ ఆ ఒక్కమాట ముందు చిన్నబోయాయి. ఆ వారం గ్రంథాలయంలో విరాటపర్వం ముగ్గురు పట్టుకెళ్ళారు. నలభైమందిలో ముగ్గురే అని మీరనవచ్చు. తాళపత్రాల నాటి లెక్కలో అది తక్కువేమీ కాదు.

అన్ని కావ్యాలూ బతుకుతాయని నేను ప్రమాణం చేయను. శ్లేషల కోసమే పుట్టిన కొన్ని ప్రబంధాలు పరిశోధకుల బల్ల దాటి రాకపోవచ్చు. రానక్కరలేదు కూడాను. నా భయం వేరే ఉంది. పుస్తకాలకేం? అచ్చులోనూ ఉన్నాయి, పోతన భాగవతమైతే టీకా తాత్పర్యాలతో సహా అంతర్జాలంలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. 2008లో మన భాషకు ప్రాచీన భాష హోదా వచ్చింది. 2018లో తెలంగాణలో బడులలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం చేశారు. ఇవన్నీ మంచివే. కాని పద్యాన్ని తప్పులేకుండా విడదీసి, పైకి చదివి, ఇదీ దీని రుచి అని చూపించగల మనిషి ఊరికొక్కడైనా మిగలకపోతే, ఈ హోదాలూ, ఈ ముద్రణలూ మళ్ళీ రాగిరేకులే అవుతాయి. ఆ చదవడం ఒకరి నోట విని మరొకరు నేర్చుకోవలసిందేగాని, చట్టంతో వచ్చేది కాదు. ఒక్క తరం వినకపోతే, తరువాతి తరానికి వినిపించేవాడు ఉండడు.

కనుక ఈ ప్రశ్న పిల్లలది కాదండీ, మనది. మీ ఇంట్లో అటక మీద తాతగారి నాటి భారతమో భాగవతమో ఉంటే కిందికి దించండి. దుమ్ము దులపండి. రాత్రి భోజనాలయ్యాక టెలివిజన్ పది నిమిషాలు కట్టేసి, ఒక్క పద్యం గట్టిగా చదవండి. అర్థం తెలియకపోతే తెలియదని పిల్లలతోనే చెప్పి, నిఘంటువు వాళ్ళ చేతికే ఇవ్వండి. వాళ్ళు కూర్చుని వింటారా అంటే, మొదటిరోజు వినరు. నాలుగోరోజు, "తరవాత ఏమైంది నాన్నా?" అని అడుగుతారు. ఆ ఒక్కమాట వినపడిందంటే, ఆ ఇంట్లో తిక్కనగారికి ఇంకో పాఠకుడు దొరికాడన్నమాటే.